సగం అన్నదెవరు?

ఆ రేకుల షెడ్డు పేరెత్తితే మా వీధిలో పిల్లలే కాదు, మీసాలు మెలేసే పెద్దవాళ్లు కూడా మాట మార్చేసేవారు. వీధి చివర, ఖాళీ ఇంటి వెనక ఉండేది. తాళం వేసి ఉన్నా లోపల్నుంచి ఆడగొంతు వినిపిస్తుందని చెప్పుకునేవారు. ఏమంటుందో మాత్రం ఎవరికీ తెలీదు. ఆగి వినే ధైర్యం ఎవరికుంది?

అందుకే అది మా మామయ్యకు చవగ్గా అద్దెకి దొరికింది. తాతగారి నాటి పాత కారుని అందులో పెట్టుకున్నాడు.

మామయ్య గడియారాలు బాగుచేస్తాడు. ముల్లు ఉన్న వస్తువేదీ తనతో అబద్ధమాడదని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఓసారి అత్తయ్యని వాళ్లక్క ఊరికి తీసుకెళ్తున్నాడు. దారిలో బంకు కనబడగానే "పెట్రోలు పోయించండి" అంది ఆవిడ. "ముల్లు సగం చూపిస్తుంటే నీ గొడవేంటి?" అన్నాడు ఈయన. కాస్త దూరం పోయి కారు చతికిలబడింది. ఆవిణ్ణి కార్లోనే కూర్చోబెట్టి డబ్బా పట్టుకుని వెనక్కి పోయిన మనిషి, బంకులో గోడగడియారం ఆగిపోయి ఉందని దాన్ని విప్పుకుని కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడింది.

ఆ రోజు నుంచి అత్తయ్య ఆయనతో మాట్లాడటం మానేసింది. ఏం చెప్పాలన్నా గోడకి చెప్పేది. "భోజనం వడ్డించాను, తినేవాళ్లు తినొచ్చు." చివరికి ఓ సాయంత్రం గోడతో అంది — "రేపు బస్సెక్కి అక్క దగ్గరికి పోతున్నా. ఎప్పుడొస్తానో తెలీదు."

 మామయ్య రాత్రికి రాత్రే పెట్రోలు గేజీ బాగుచేసి పొద్దున్నే తనే తీసుకెళ్లాలని, మా నాన్నను వెంటేసుకుని షెడ్డుకి పరిగెత్తాడు. ఇక ఇక్కణ్నుంచి మామయ్య చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

ట్యాంకులో పెట్రోలు మీద తేలుతూ, ఎంతుందో ముల్లుకి కబురంపే బుడ్డి ఒకటుంటుంది. ఫ్లోట్ అంటారు. దాని కాడ తుప్పు పట్టి సగం దగ్గరే బిగుసుకుపోయింది. మామయ్య దాన్ని పీకేసి, ట్యాంకు నోట్లో గుడ్డ కుక్కి, కొత్తదానికి తీగ తగిలించాడు. బిగించే ముందు పరీక్ష చూడాలి. వెనక డిక్కీ దగ్గర ఒకరు కాడని చేత్తో ఎత్తాలి, ముందు సీట్లో ఇంకొకరు ముల్లు చూసి చెప్పాలి. డిక్కీ మూత లేచి ఉంటే ఒకరికొకరు కనబడరు.

"ఎంత, బావా?"

"అడుగునే ఉంది," అన్నాడు నాన్న.

ఇంతలో తీగ ఊడింది. టార్చి నోట కరుచుకుని మామయ్య దాన్ని మళ్లీ బిగించాడు. కాడని మెల్లగా పైకెత్తాడు.

"ఎంత?"

కాడని అలాగే పట్టుకుని గొంతు పెంచాడు.

"ఎంత, బావా?"

"...సగం."

గొంతు సన్నగా వచ్చింది. బావకి భయంతో నోరెండిపోయిందని మామయ్య లోలోపల నవ్వుకున్నాడు. కాడని పూర్తిగా ఎత్తాడు.

"...నిండింది."

హమ్మయ్య అనుకుని, రేకుల సందులోంచి వీధిలోకి చూశాడు. దూరంగా, వీధి దీపం కింద... రుమాలుతో మెడ తుడుచుకుంటూ మా నాన్న.

మరి సీట్లో ఉన్నదెవరు?

 మామయ్య చెయ్యి కాడని వదల్లేదు.

"ముల్లు వణుకుతోంది," అంది గొంతు.

కాడని వదిలేసి కారు వెనక చతికిలబడ్డాడు. కళ్లు గట్టిగా మూసుకుని, "ఎవరు... తల్లీ నువ్వు?" అన్నాడు.

"కార్లో ఒంటరిగా కూర్చుని ఎదురుచూసినదాన్ని."

మామయ్య రెండు చేతులూ జోడించాడు.

"ఇకమీదట బంకు కనబడితే ఆగడం ఉంటుందా?"

"ఆగుతాను తల్లీ."

"ముల్లు ఏం చూపించినా?"

"ముల్లు మాట వినను తల్లీ."

"మరి ఎవరి మాట వినడమో?"

"మా ఆవిడ మాట, తల్లీ... అసలు ఆవిడ నాతో మాట్లాడితే చాలు. ఇంటినిండా గడియారాలు టిక్కుటిక్కుమంటున్నా నాకు చెవుడొచ్చినట్టుంది."

 కిర్రుమని కారు తలుపు తెరుచుకుంది. అడుగులు... దగ్గరికొచ్చాయి. దెయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయంటారు కదా. మామయ్య ఒక కన్ను తెరిచి చూశాడు. పాదాలు తిన్నగానే ఉన్నాయి.

"ఏమండీ... ప్యాంటుకి మడ్డి అంటుతుంది. లేవండి."

అత్తయ్య. పనెలా సాగుతోందో చూడకుండా ఉండలేక వచ్చి గుమ్మంలో నిలబడితే, మా నాన్న "నువ్వు కూర్చో చెల్లెమ్మా, మంచినీళ్లు తాగొస్తా" అని గుసగుసగా చెప్పి, మామయ్య తీగ బిగిస్తుండగానే జారుకున్నాడట. ఆ "ఏమండీ" వినగానే మామయ్యకు ఏడుపొచ్చేసింది. ఆ సంగతి దాచుకోలేదు, మాతో ఆయనే చెప్పాడు.

పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. వీధి మలుపు బంకులో ట్యాంకు నింపించారు. ఊరు దాటగానే ఇంకో బంకు కనబడింది. మామయ్య కారు ఆపాడు.

బంకువాడు మూత తీసి చూశాడు. "నిండుగా ఉంది కదండీ, ఎక్కడ పోయమంటారు?"

"ఒక్క చుక్క పొయ్యి బాబూ. మాటిచ్చాను."

పక్కసీట్లో అత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయిందట.