తేడాలు సున్నా

"ఆ సంతకం నాదే సార్. కార్డులు మాత్రం నేను మాయం చెయ్యలే," అంది టైపిస్టు ప్రశాంతి. ఆమె ముందు టైపు చేసిన రాజీనామా పత్రం ఉంది. కింద పేరు రాయడమే మిగిలింది.

మాదాపూర్‌లోని ఆ డేటా ఎంట్రీ ఆఫీసుకు డిటెక్టివ్ యజ్ఞనారాయణనూ, అసిస్టెంట్ తిరుపతినీ పిలిపించింది దేవవరం మాస్టారు. నలభై ఏళ్లు చేత్తో రాసుకున్న తన హీబ్రూ-తెలుగు నిఘంటువును ఆయన ఇక్కడ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. అందులో 'నాసా' అనే క్రియ తాలూకు అరవై కార్డులు నిన్నటి నుంచి కనిపించడం లేదు. వాటికి నకలు లేదు. చివరగా తీసుకున్నట్టు రిజిస్టర్లో ఉన్నది ప్రశాంతి సంతకం.

"ఆ మాటకు అర్థమేమిటి మాస్టారూ?" అడిగాడు యజ్ఞనారాయణ.

"ఎత్తడం, మోయడం. బరువు మోసినా అదే క్రియ, చేసిన దోషాన్ని మోసినా అదే. ఒకరి దోషాన్ని ఇంకొకరు మోసే వాడుక ఏడో కార్డులో రాశాను."

"నేనైతే రాకెట్ల కంపెనీ అనుకున్న," అన్నాడు రెండో టైపిస్టు దినేశ్. ఎవరూ నవ్వలేదు.

సూపర్‌వైజర్ భార్గవి గొంతు సవరించుకుంది. "మా వాళ్లకు హీబ్రూ రాదండి. అక్షరం ఆకారం చూసి కొడతారు. అందుకే ప్రతి కార్డునూ ఇద్దరు విడివిడిగా కొడతారు. ఒకరి ఫైలు ఇంకొకరు తెరవలేరు. రెండూ తెరిచి కంప్యూటర్‌లో పోల్చేది నేనే. తేడా వస్తే కార్డు తీసి చూస్తాం."

యజ్ఞనారాయణ పాత రిపోర్టులు తిరగేశాడు. ఒక్కో క్రియకు ముప్ఫై, నలభై తేడాలు. 'నాసా' రిపోర్టులో మాత్రం సున్నా.

"ఇద్దరూ భలే కొట్టిన్రు సార్," అన్నాడు తిరుపతి మెచ్చుకోలుగా.

"మరీ భలేగా కొట్టారు. మాస్టారూ, ఏడో కార్డు ఉందా చూడండి."

దేవవరం తెర మీదున్న ప్రశాంతి ఫైలులోకి వంగి చూశారు. "లేదు. ఆరు తర్వాత ఎనిమిది." దినేశ్ ఫైలూ చూశారు. "ఇందులోనూ లేదు."

ప్రశాంతి మొహం పాలిపోయింది. "రెండు కార్డులు అంటుకున్నయేమో. నేను చూసుకోలే. తప్పు నాదే సార్."

"దినేశ్, సోమవారం నుంచి నువ్వెక్కడున్నావు?"

దినేశ్ తల వంచుకున్నాడు. "చందానగర్ దవాఖానల సార్. మా అమ్మకు బాగలేకుండె. సెలవు పెట్టకుండ మూడు రోజులు ఆడనే ఉన్న."

"నీ ఫైలు మంగళవారం తయారైంది." యజ్ఞనారాయణ అందరినీ కూర్చోమన్నాడు. "ప్రశాంతి కొట్టినదాన్నే దినేశ్ పేరు మీద నకలు చేశారు. అందుకే తేడా రాలేదు. అందుకే ఆమె దాటేసిన కార్డు రెండింట్లోనూ లేదు. కార్డులతో సరిచూడటానికి వస్తున్నానని నిన్న మాస్టారు ఫోన్ చేశారు. చూస్తే నకలు బయటపడుతుంది. ఆ వెంటనే కార్డులు మాయమయ్యాయి."

"ప్రశాంతే దాచిందేమో సార్?"

"దినేశ్ ఫైలు ఆమెకు తెరుచుకోదు తిరుపతీ. రెండు ఫైళ్లూ తెరవగలిగేది ఒక్కరే. పేరు నేను చెప్పనా?"

"వద్దండి." భార్గవి లేచి, ప్రింటర్ కాగితాల పెట్టె అడుగు నుంచి కార్డుల కట్ట తీసి మాస్టారి చేతిలో పెట్టింది. "దినేశ్ ఉద్యోగం పోకూడదని నకలు చేశాను. నా ఉద్యోగం పోకూడదని ఇవి దాచాను."

ఆమె ప్రశాంతి వైపు తిరిగింది.

"నిన్ను దొంగను చేసింది ఈ భార్గవే."