చూరు చివర వదిన

చైనాలోని షాన్సీ కొండల్లో చియావ్ వాళ్ళ బట్టీలో కాలిన పెంకులకు పెద్ద పేరు. గుడికప్పు మీది గ్వాన్‌యిన్ అమ్మవారికైనా, కాపలా మృగాలకైనా ఆ పచ్చపూత ఇంకెవరికీ కుదరదు. పూత కలిపే గుట్టు కోడలికే చెబుతారు. కూతురు పరాయింటికి పోయేది కదా!

తావ్‌యే ఎక్కడికీ పోలేదు. పెళ్ళి మాటే లేకుండా పుట్టింట్లో బొమ్మలకు ముఖాలు దిద్దుతూ ఉండిపోయింది. అయినా తండ్రి పోతూ పోతూ గుట్టు చెప్పింది నిన్నగాక మొన్నొచ్చిన వదిన వాన్‌షూ చెవిలోనే. అప్పట్నుంచి తావ్‌యే గుండెల్లో కుంపటే.

"నాకూ చెప్పొచ్చుగా వదినా?"

"ఆడబిడ్డంటే అర్ధమొగుడట కదా, సగం చెబుతాలే. నీళ్ళు పోసి కలపాలి!" అని పకపకా నవ్వింది వాన్‌షూ.

ఆ నవ్వుకి తావ్‌యే ఒళ్ళు మండింది. పక్కనే బట్టీ దేవుడి గుడికి కొత్త కప్పు వేస్తున్నారు. జనాన్ని పీడించిన పాపానికి శిక్షగా, చూరు చివర కోడిపుంజు మీద పాపిరాజు బొమ్మ కూర్చుంటుంది. ముందుకు దూకితే చావు, వెనక్కి తిరిగితే వరసగా కాపలా మృగాలు. ఎన్నేళ్ళైనా దిగలేడు. తావ్‌యే ఆ బొమ్మకు అచ్చం వదిన ముఖం దిద్దింది. పూత పూస్తూ వాన్‌షూ ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. తర్వాత బొమ్మ బోలులోకి వంగి మెల్లగా ఊపిరి ఊదింది.

బొమ్మ చూరెక్కిన రోజే వాన్‌షూ మంచం పట్టింది. రెండు చేతులా మంచంపట్టె పట్టుకుని వదలదు. బయట వాన. గదిలో చుక్క కారడం లేదు. ఆమె జుట్టు మాత్రం తడిసి ముద్దయింది.

"ఎంత ఎత్తో... పడిపోతాను... నా వెనక ఏవో ఊపిరి తీస్తున్నాయి తావ్‌యే..."

తావ్‌యే మంచం మీదికి వంగింది. వదిన పోతే గుట్టూ ఆమెతోనే పోతుంది.

"ఆ బొమ్మ పగలగొడతాను. గుట్టు చెబుతావా?"

వాన్‌షూ తలూపింది.

సుత్తి పట్టుకుని వానలోనే నిచ్చెన ఎక్కింది తావ్‌యే. మునిమాపు మసక. తడిమట్టి వాసన. జారే పెంకుల మీద చూరు చివరిదాకా పాకింది. అంత వానలోనూ బొమ్మ ముఖం పొడిగా ఉంది... కొట్టింది. పగిలింది. బోలులోంచి వెచ్చటి గాలి మొహానికి తగిలింది.

వెనక్కి పాకబోయింది. కాళ్ళు కదల్లేదు. పుంజు మీద తనెప్పుడు కూర్చుందో తెలియదు. వెనక... ఏవో ఊపిరి తీస్తున్నాయి.

కింద వాన్‌షూ నిలబడి ఉంది. నిక్షేపంలా ఉంది. నిచ్చెన లేదు.

"వదినా... దించు..."

"చెబుతానన్నానుగా. మాట తప్పను. కదలకుండా కూర్చో."

అంత కిందినుంచి అన్న మాట చెవి పక్కనే వినిపించింది. వాన ఆగింది. అయినా తావ్‌యే నెత్తిమీంచి ఏదో చిక్కగా, పచ్చగా కళ్ళలోకి జారుతూనే ఉంది...