బోనెక్కిన ఖజానా ఆఫీసరు

ఖజానా ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన కుర్రాడు చేసిన తప్పల్లా ఒక్కటే. వాన కారని చోటు కోసం కోర్టు హాలంతా వెతికి, సాక్షి బోనులోకి వెళ్లి నిలబడ్డాడు.

ఆ చిన్న ఊరి కోర్టుకు ప్రభుత్వం నిధులివ్వాలా, లేక దాన్ని మూసేసి కేసులన్నీ నగరానికి పంపాలా అన్నది అతని రిపోర్టు మీదే ఉంది. ఆ సంగతి తెలియని జడ్జిగారు తల కూడా ఎత్తలేదు. స్టెనో పోస్టు ఏనాటి నుంచో ఖాళీ గనుక, కుర్చీకి గొడుగు కట్టుకుని సాక్ష్యాలు తనే టైపు చేసుకుంటోంది.

"అంతా నిజమే చెబుతానని ప్రమాణం చెయ్యండి," అంది.

ఆ గొంతుకు ఎదురుచెప్పే ధైర్యం లేక చేసేశాడు.

"తప్పిపోయిన మేక ఎవరిది?"

"తెలీదండీ. మీకు డబ్బులివ్వాలా వద్దా చూడ్డానికి వచ్చాను."

గుమ్మం దగ్గర ముసలి బంట్రోతు నవ్వాపుకోలేక దగ్గాడు. జడ్జి తలెత్తి చూసింది. ఆ ఒక్క చూపుతో మనవాడి పని అయిపోయింది.

ఒక్కరోజులో తేలాల్సిన తనిఖీ సాగుతూనే పోయింది. చూసిన పైకప్పునే మళ్లీ మళ్లీ చూశాడు. ఆవిడ మాత్రం గ్లాసుడు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఫైలు అతని దగ్గరున్నంతకాలం ఏమిచ్చినా లంచమే అవుతుందట. పాపం, ఇంటి నుంచి ఫ్లాస్కు మోసుకొచ్చేవాడు.

ఒకరోజు ఆవిడ ఒక స్థలం తగాదా వినకుండా నగరం కోర్టుకు పంపేసింది. ఎందుకని బంట్రోతును అడిగితే, అది ఆవిడ బాబాయిగారి కేసని, తన మనిషి కేసును ఏ జడ్జీ వినకూడదని చెప్పాడు. కుర్రాడు చాలాసేపు ఆలోచించాడు. మర్నాడే ఫైలు తీసుకెళ్లి పై అధికారికి అప్పగించేశాడు. ఆ పెద్దమనిషి ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలడని పేరు.

విషయం తెలిసి జడ్జి మండిపడింది.

"ఆయన చేతిలో పెడితే కోర్టుకు తాళం వేసినట్టే. మేక పోయినవాడు కూడా ఇక నగరానికి బస్సెక్కాలి. నేను ఏ మూలకి బదిలీ అవుతానో తెలీదు. ఎందుకిచ్చారు?"

"మీ బాబాయిగారి కేసు మీరెందుకు వదిలేశారు?"

"ఆయన నా మనిషి గనుక."

"నేనూ అందుకే."

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. కోపమా, సిగ్గా అన్నది తేలకముందే అతన్ని బయటికి పంపేసింది.

పై అధికారి వచ్చిన రోజు కుండపోత. బట్టతల మీద చుక్క పడ్డప్పుడల్లా ఆయన ఒక అడుగు జరిగాడు. జరిగి జరిగి చివరికి బోనులో తేలాడు. బోనెక్కినవాళ్లెవరైనా ప్రమాణం చెయ్యాల్సిందేనని బంట్రోతు అమాయకంగా గుర్తుచేశాడు. చేయక తప్పలేదు.

"ఈ కోర్టుకు నిధులు అవసరమా, కాదా?" జడ్జి మర్యాదగా అడిగింది.

నెత్తి తుడుచుకుంటూ, "అవసరమే," అని గొణిగాడాయన.

కొత్త పైకప్పు పడింది. స్టెనో కూడా వచ్చింది. ఒక సాయంత్రం కేసులన్నీ అయిపోయాక మన కుర్రాడు వచ్చి, పిలవకుండానే బోనెక్కి, అడక్కుండానే ప్రమాణం చేశాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టం. మీకూ ఇష్టమైతే పెళ్లి చేసుకుందాం. తీర్పు మీదే."

జడ్జి కాగితాలు సర్దుకుంది. పెన్ను మూత పెట్టింది.

"ఈ కేసు నేను వినలేను."

అతని మొహం పాలిపోయింది. దగ్గబోయిన బంట్రోతు ఆగిపోయాడు.

"పార్టీ నా మనిషి," అందావిడ, నవ్వు దాచుకోకుండా. "మా అమ్మ దగ్గరికి బదిలీ చేస్తున్నాను. పదండి ఇంటికి. ఆ ఫ్లాస్కు ఇక్కడే వదిలేయండి, మంచి టీ ఇస్తాను."