గేటు దగ్గర అడిగే మాట

కాఫీ కలుపుతుండగా ఫ్రిజ్ మీదున్న అమ్మ ఫోన్ ఒకసారి మోగి ఆగింది. అమ్మ పోయి నాలుగు నెలలైంది. నాన్న రోజూ ఆ ఫోన్‌కి చార్జింగ్ పెడుతున్నాడని కూతురికి తెలుసు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. తీసి చూస్తే ఓ ఫైర్ స్టేషన్ నుంచి మెసేజ్.

"అమ్మగారూ, మా పాత బండిని ఇవాళ పన్నెండింటికి తుక్కుకి పంపేస్తున్నారు. సార్‌కి ఓపిక ఉంటే తీసుకురండి. మళ్లీ కుదరదు."

దాని పైన అదే ఫైర్ స్టేషన్ నుంచి మరో రెండు మెసేజ్‌లున్నాయి. పోయిన వారానివి. రెండూ చదివేసి ఉన్నాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

తండ్రి కిటికీ దగ్గర కూర్చుని చేతిగడియారం విప్పుతున్నాడు. ముప్పై ఐదేళ్లు గడియారాలు బాగుచేసిన చేతులవి. ఆదివారాలు మాత్రం ఫైరింజన్లవి. ఊరూరా తిరిగి ఒక్కో స్టేషన్లో ఉన్న ఎర్ర బండిని ఫొటో తీసి ఆల్బమ్‌లో అతికించేవాడు. తలుపులు మూసి ఉండాలి. పైనున్న నిచ్చెన కనబడాలి. నంబరు చదివేలా ఉండాలి. మనుషులెవరూ అడ్డు రాకూడదు. అలా రెండు వందల పన్నెండు బండ్లు. వెళ్లిన చోట్లన్నిట్లో ఈ పాత బండి ఒక్కటే దొరకలేదు. పన్నెండేళ్ల కిందట వెళ్లిన రోజున అది ఇంజను విప్పి షెడ్డులో ఉంది.

"నాన్నా, ఈ మెసేజ్‌లు చూశావా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది. పాత బండి. పోతోంది."

"పన్నెండేళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పావు ఆ బండి గురించి. ఇప్పుడు బస్సెక్కితే గంటన్నరలో అక్కడుంటాం. లే, చొక్కా మార్చుకో."

"ఓపిక లేదమ్మడూ."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. నాలుగు నెలలుగా కాదు, చిన్నప్పటి నుంచీ లోపల పెట్టుకున్న మాట బయటికొచ్చింది.

"అమ్మ ఆదివారాలన్నీ తినేశావు నాన్నా. అందరూ సరదాగా ఎక్కడికైనా వెళ్తుంటే, ఆవిడ ఎండలో గొడుగు పట్టుకుని నీ కూడా గేట్ల చుట్టూ తిరిగింది. ఒక్కసారైనా నీకు ఇష్టమేనా అని అడిగావా? ఆవిడ ఉన్నన్నాళ్లూ ఓపిక ఉంది. ఆవిడ పోగానే బండ్ల మీద మోజు తీరిపోయిందా?"

తండ్రి చిన్న మరమేకును సాసర్లో వేశాడు. అది దొర్లి ఆగేదాకా చూశాడు.

"నాకు అడగడం రాదు," అన్నాడు.

"ఏమిటి అడగడం?"

"గేటు దగ్గర. ఫొటో తీసుకోవచ్చా అని. ముప్పై ఏళ్లలో ఒక్కచోట కూడా నేను అడగలేదు. రోడ్డవతల నిలబడేవాణ్ణి. మీ అమ్మ లోపలికెళ్లేది. ఐదు నిమిషాల్లో బయటికొచ్చి చెయ్యి ఊపేది."

"ఏమని అడిగేది?"

"తెలీదు. ఫైరు వాళ్లు మాత్రం ఎక్కడికెళ్లినా నాకు కుర్చీ వేసేవారు. మంచినీళ్లిచ్చేవారు." సాసర్లో మరమేకును వేలితో కదిపాడు. "ఇప్పుడు వెళ్తే ముందుగా 'అమ్మగారు రాలేదా' అంటారు. దానికి నేనేం చెప్పాలి?"

కూతురు కోపం అక్కడే ఆగిపోయింది. అమ్మ సంగతి అందరికీ ఫోన్లు చేసి చెప్పింది తనే. నాన్న నోటి నుంచి ఆ మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు. తనూ వినలేదు.

"నేను చెప్తాలే," అంది మెల్లగా. "నువ్వు రోడ్డవతలే నిలబడు."

పదకొండు గంటలకు స్టేషన్ ముందు బస్సు దిగారు. ఆమె గేటు గడియ మీద చెయ్యి వేసేసరికి తండ్రి ఆ చేతిని పక్కకు జరిపాడు. తనే గడియ తీసి లోపలికి నడిచాడు.

స్టేషన్ ఆఫీసరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"సార్, నడిచే వచ్చారా? ఒరే, కుర్చీ తెండి. కూర్చోండి సార్, ముందు కూర్చోండి. అమ్మగారు రాలేదా?"

తండ్రి కూర్చోలేదు.

"లేదు. ఆవిడ పోయింది. నాలుగు నెలలైంది."

ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన మొహంలో బాధతో పాటు అయోమయం కూడా ఉంది.

"అమ్మగారా? మరి డాక్టర్లు ఆరు నెలలన్నది మీకు కదా సార్?"

"నాకా?"

"అప్పట్లో నేనిక్కడ డ్రైవర్ని. అమ్మగారు లోపలికొచ్చి, మా ఆయనకి ఇంకెన్నాళ్లో లేవు బాబూ, ఆఖరి కోరిక, మీ బండిని ఒక్క ఫొటో తీసుకోనివ్వండి అన్నారు. ఆ రోజు బండి విప్పేసి ఉందని నేనెంత బాధపడ్డానో. తర్వాత ఏటా ఫోన్ చేసి, బండి తిరుగుతోందా అనేవారు. సార్ ఎలా ఉన్నారంటే, ఏదో నెట్టుకొస్తున్నారు అనేవారు."

తండ్రి మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. కూతురు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

ఆఫీసరే బండిని ఎండలోకి నడిపాడు. తండ్రి కెమెరా ఎత్తి, దించి, ముందుకెళ్లాడు.

"కొంచెం ముందుకి తెస్తారా? ఎడమ చక్రం నీడలో ఉంది." గొంతు సన్నగా ఉంది, కానీ అడిగాడు.

తిరుగు బస్సులో తండ్రి కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"రెండు వందల పదమూడు చోట్ల నన్ను చంపేసిందన్నమాట," అన్నాడు. "చేతికి మంచినీళ్లిస్తుంటే, ఫైరు వాళ్లది ఎంత మంచి మనసో అనుకున్నాను."

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మ ఒక్కో గేటు లోపలికెళ్లి మొహం వేలాడేసుకుని ఈ కథ చెప్పడం, బయటికొచ్చి ఏమీ ఎరగనట్టు చెయ్యి ఊపడం కళ్లకు కట్టింది. ఎండలో మాడిపోయిందనుకున్న మనిషి ముప్పై ఏళ్లు లోపల్లోపల నవ్వుకుంటూ తిరిగింది. తండ్రి కూడా నవ్వాడు. నవ్వుతూనే కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచినా మళ్లీ మసకబారుతోంది.

ఆమె ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. "పొద్దున అన్న మాట మర్చిపో నాన్నా."

"ఏ మాట?"

"ఇంకెన్ని స్టేషన్లు మిగిలాయి?"

"పంతొమ్మిది."

"వచ్చే ఆదివారం ఖాళీయే. నేనొచ్చి అడగనా?"

"వద్దు," అన్నాడు తండ్రి. "నువ్వు దాని కూతురివి. మళ్లీ చంపేస్తావు. నేనే అడుగుతాను."