కుట్టు పూర్తయ్యేదాకా

మొదలుపెట్టిన రోజు అతని దగ్గర ఉన్నవి పద్నాలుగు వేలు, తొమ్మిది కుర్చీలు. ప్రింటింగ్ ప్రెస్ మీద మేడగది అద్దెకు తీసుకుని ధ్యానం నేర్పసాగాడు. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఫోన్ల దుకాణంలో పనిచేసి వచ్చినవాడు కాబట్టి, మనిషి మొహం చూడగానే ఏం కావాలో పసిగట్టేసేవాడు. పదహారు నెలలు తిరిగేసరికి తొమ్మిది కుర్చీలు నలభై ఒకటయ్యాయి. అందరూ అతన్ని చిన్నగురువు అనేవారు. వద్దండీ అని చేతులు జోడించేవాడు గానీ, ఎవరైనా ఆ మాట మరిచిపోతే ఆ పూటంతా మనసు పాడయ్యేది.

ఆ గదికో పద్ధతి ఉంది. ధ్యానం అయ్యాక ఎవరో ఒకరు నడిమి కుర్చీలో కూర్చుని, ఇన్నాళ్ళూ తమకు తాము కూడా ఒప్పుకోని నిజం ఒక్కటి చెప్పాలి. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని విని, చివర్లో అందరూ కలిసి "విన్నాం" అనాలి. అంతే. ఓదార్పు లేదు, సలహా లేదు. ఆ ఒక్క మాటకే చాలామంది బావురుమనేవాళ్ళు.

చిక్కేమిటంటే, పద్ధతి పెట్టినవాడికే చెప్పడానికి నిజం దొరికేది కాదు. తన వంతు వస్తే, జాలి ఎక్కువనో, అందర్నీ అతిగా నమ్మేస్తాననో చెప్పేవాడు. తప్పు ఒప్పుకుంటున్నట్టే ఉండేది, మెడలో దండ తనే వేసుకున్నట్టూ ఉండేది.

మొట్టమొదట వచ్చిన తొమ్మిదిమందిలో కుట్టుపని పిన్ని ఒకతె. అన్ని కుర్చీలకీ మెత్తలు కుట్టిపెట్టింది ఆవిడే. ఒక ఆదివారం నడిమి కుర్చీలో కూర్చుని తన సంగతి చెప్పింది. ఏళ్ళ తరబడి తల్లికి చాకిరీ చేసి విసిగిపోయి ఉందట. స్నానాలగదిలో తల్లి పడ్డ చప్పుడు వినపడిందట. మిషన్ మీద ఉన్న కుట్టు పూర్తయ్యేదాకా లేవలేదట. లేచేసరికి అంతా అయిపోయింది. అందరూ విన్నాం అన్నారు. పిన్ని మొహం ఆ రోజు కడిగినట్టు తేటగా ఉంది.

నెల తిరక్కుండానే అతను ఆ సంగతిని వేరే ఊళ్ళో పెద్ద సభలో తన తల్లి కథగా చెప్పాడు. కుట్టు తీసేసి, చదువుతున్న పుస్తకం పెట్టాడు. సభంతా కళ్ళొత్తుకుంది. నిజానికి అతని తల్లి బతికే ఉంది. ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు, అంతే.

సంగతి పిన్ని చెవిన పడింది. ఆవిడ అరవలేదు. ఆ వచ్చే ఆదివారం నడిమి కుర్చీలో కూర్చుని, "ఆ పాపం నాది. దాన్ని కూడా నాకు మిగల్చలేదు ఈ బాబు," అంది.

అతను ఎంతో ప్రేమగా, పిన్నిలోని అహం మాట్లాడుతోందనీ, అది అణిగేదాకా మౌనంగా ఉండటమే మనం చేయగల సాయమనీ అందరికీ చెప్పాడు. ఎవ్వరూ విన్నాం అనలేదు. ఆవిడ ఎదురుచూసింది. ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆఖరికి అతను ఫ్యాన్ ఆపేసి, వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళమని చెప్పి మెట్లు దిగాడు.

తొమ్మిదో రోజున పిన్ని మిషన్ మీదే తల వాల్చి పోయిందని తెలిసింది. సూది కింద సగం కుట్టిన మెత్త ఉందట. కుర్చీలు నలభై ఒకటే. అది నలభై రెండోది.

ఈ ఆదివారం, ఇలాంటి ధ్యానకేంద్రాలు ఊరూరా నడిపే పెద్దగురువు వచ్చాడు. రెండువందల కుర్చీల హాలు ఇతని చేతిలో పెట్టేముందు ఆ తల్లి కథ స్వయంగా వినాలన్నాడు. కెమెరా పెట్టారు. పొద్దున పది గంటలు. పరదాలు దించారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నడిమి కుర్చీలో అతనూ మూసుకున్నాడు.

ఊపిరి చప్పుళ్ళు లెక్కపెట్టుకోవడం అతని అలవాటు. పిన్ని కుర్చీలో ఇవాళ పెద్దగురువు ఉన్నాడు గనక, తనతో కలిపి నలభై ఒకటి రావాలి.

నలభై రెండు వచ్చాయి.

మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై రెండే. ఎక్కణ్ణుంచో మిషన్ నూనె వాసన. కింద ఏదో ఆడుతున్న చప్పుడు... టక టక టక. ప్రెస్ అనుకున్నాడు. ఆదివారం ప్రెస్ ఉండదు.

"మా అమ్మ పోయిన రోజున..." అని మొదలెట్టాడు.

పెదవి మూల చురుక్కుమంది. తడుముకుంటే చేతికేమీ తగల్లేదు.

"నేను పుస్తకం చదువుకుంటూ..."

మళ్ళీ చురుక్కు. నోరు ఆ మూల తెరుచుకోవడం లేదు. నాలుకకి ఉప్పగా తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే చుట్టూ అందరూ ప్రశాంతంగా ఉన్నారు. వెనక, చెవి పక్కనే, ఎవరో దారం కొరికిన చప్పుడు.

"పిన్నీ... ఏం కావాలి?" అన్నాడు గుసగుసగా.

"ఆ రోజు కుట్టు పూర్తయ్యేదాకా లేవలేదు బాబూ. ఇవాళా లేవను."

"ఈ కథ... నాది కాదు," అన్నాడు. ఒక కుట్టు వదులైంది. ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడే కెమెరా ఎర్రదీపం కళ్ళబడింది. ఎంత ధైర్యం, ఎంత నిజాయితీ అంటారు... ఈ ముక్క ఇంకా ఎక్కువమంది చూస్తారు... అనుకున్నాడు.

అనుకున్నాడంతే. సూది నాలుగుసార్లు దిగింది.

లెక్క వేసుకున్నాడు. నోట్లో మిగిలిన సందు ఒక్క మాటకి సరిపోతుంది. రెండో మాటకి చాలదు.

జేబులో ఫోన్ వణికింది. అమ్మ. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎత్తావా నాన్నా. ఎన్నాళ్ళకి. ఇదిగో, ఎవరో కుట్టుపనావిడ వచ్చిందిరా. నువ్వే పంపావట. నాకోసం మెత్త కుట్టుకొచ్చింది, పాపం. స్నానానికి నీళ్ళు కూడా తోడిపెట్టింది. పోసుకుని వస్తా, ఉండు."

గదిలో ఊపిర్లు లెక్కపెట్టాడు. నలభై ఒకటి.

ఫోన్లో చెప్పుల చప్పుడు దూరమైంది. స్నానాలగది తలుపు కిర్రుమంది. ఫోన్‌కి బాగా దగ్గరగా, టక టక టక...

పెద్దగురువు కళ్ళు తెరిచి ఇటే చూస్తున్నాడు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నాలుక మీదికి మొదట వచ్చిన మాట వాళ్ళ మెప్పు కోసమే. దాన్ని మింగేసి, ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

అవతల సూది ఆగింది. పిన్ని వింటోంది.