తొంభై ఎనిమిదో రోజు నీటి ఈగలు

2068 వైశాఖం. కాలువలు కట్టేసి నెల దాటింది. మళ్లీ నీళ్లు వదిలేదాకా కొమ్మరలంక ఊరంతా ఒక్క చెరువు మీదే బతకాలి. అయినా కుళాయి తిప్పేముందు నీళ్ల రంగు, వాసన చూసేవాళ్లే లేరు. ఆ పని ప్లవకదర్శినికి అప్పజెప్పి అందరూ హాయిగా ఉన్నారు.

చెరువులో తేలుతూ ఉండే గుమ్మడికాయంత యంత్రం అది. రోజూ ఉదయం నీటిని లోపలికి పీల్చి, కంటికి ఆనని జంతుప్లవకాలను, అంటే నీళ్లలో తేలాడే బుల్లి జీవాలను, మైక్రోస్కోప్ కింద లెక్కపెడుతుంది. వానల్లో ఏవి పెరగాలో, ఎండల్లో ఏవి తగ్గాలో దానికి కంఠతా వచ్చు. నాచు విషం చిమ్మితే ముందుగా చచ్చేవి డాఫ్నియాలు, అంటే నీటి ఈగలు. వాటి సంఖ్య గీత దిగితే కుళాయిలకు నీళ్లు వెళ్లే గేటును యంత్రం తానే మూసేస్తుంది. మిగతా అనుమానాలేమైనా ఉంటే దాన్ని తయారుచేసిన డాక్టర్ తిరుమలేశ్వరిని అడుగుతుంది.

వంద రోజులు గేటు మూతపడకుండా గడిస్తే జిల్లా అంతటా ఇవే పెడతారు. ఇవాళ తొంభై ఎనిమిదో రోజు.

వందో రోజు ఏర్పాట్లు చూద్దామని వచ్చిన తిరుమలేశ్వరి గట్టు మీది తెర చూసి కొయ్యబారిపోయింది. ఈగలన్నీ బొద్దుగా, కడుపునిండా గుడ్లతో ఉన్నాయి. ఈ ఎండలకి అవి బక్కచిక్కి, అడుగు మట్టిలో దాగే గట్టి గుడ్లు పెట్టాలి. కార్తీకంలో కనబడాల్సిన ఈగలు వైశాఖంలో ఎలా వచ్చాయి?

"ఏసోబు గారూ, చెరువులో ఏమైనా కలిపారా?"

చెరువు కాపలా ఏసోబు పదేళ్లు రొయ్యల హేచరీలో పనిచేసినవాడు. దాపరికం లేకుండా బకెట్ చూపించాడు.

"ఈగలు తగ్గిపోతన్నాయని హేచరీలో రొయ్యపిల్లల మేతకి పెంచే ఈగల్ని తెచ్చి ఈ యంత్రం పక్కనే పోత్తన్నానండి. పది రోజులైంది. సాయంత్రానికల్లా చచ్చిపోతన్నాయి, అందుకే రోజూ పొద్దున్నే పోత్తన్నాను."

"ఎవరు పొయ్యమన్నారు?"

"ఈగలుంటే నీళ్లు మంచియని మీరే కదండీ చెప్పేరు! తగ్గితే మనమే పొయ్యాలి కదండీ."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఈగలు నీళ్లని బాగుచెయ్యవయ్యా! నీళ్లు బాగుంటేనే అవి బతుకుతాయి. చస్తున్నాయంటే చెరువులో విషముందని!"

ఏసోబు చేతిలోంచి బకెట్ జారిపోయింది. "మా అమ్మాయి బాలింతండి. మూడ్రోజుల్నించీ ఒకటే వాంతులు. నీళ్లు బాగా తాగమ్మా అని నేనే..." మాట పూర్తి కాకుండానే ఇంటివైపు పరుగెత్తాడు.

"గేటు మూసెయ్!" అని అరిచింది తిరుమలేశ్వరి.

"మూశాను" అంది ప్లవకదర్శిని.

"ఇంత జరుగుతుంటే నాకు చెప్పొద్దా?"

"చెప్పాను. 'ఇవి ఈ రుతువు ఈగలు కావు, గేటు మూయనా?' అని పది రోజులుగా రోజూ ఉదయం అడుగుతూనే ఉన్నాను. పదిసార్లూ మీరు వద్దన్నారు."

నిజమే. ఆమె చదవకపోలేదు, ఈగల్ని చూడకుండానే వద్దని కొట్టేసింది. వందకి అంత దగ్గరికొచ్చి గేటు మూయడానికి మనసొప్పలేదు, అంతే.

"నివేదిక పంపాలి. తప్పు ఎవరిదని రాయను?" అని అడిగింది యంత్రం.

గట్టు చివర ఏసోబు ఇంకా పరుగెడుతూనే కనిపిస్తున్నాడు. తిరుమలేశ్వరి అతను మలుపు తిరిగేదాకా ఆగింది.

"కాపలాదారుదని రాయి" అంది.