దెలీలా చేతి గీతలు

"మైక్రోఫిల్మ్ ఆ పెయింటింగ్‌లోనే ఉంది, రుజ్జేరో. మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లు. పన్నెండింటికి దాని పెట్టెకు శత్రుదేశం ఎంబసీ సీలు పడుతుంది. ఆ తర్వాత మనం ముట్టుకోలేం," అన్నాడు కల్నల్ ఇంపరాతో.

"అసుంతా పేరు?"

"ఉంది. రెండు నెలల బాలింత అని వాళ్ళు జాలిపడరు."

పదకొండూ నలభైకి నేపుల్స్ చర్చిలోకి గడ్డం సన్యాసి ఒకడు నడిచాడు. జపమాల పతకంలో భూతద్దం. సిలువలో మత్తు సూది.

గోడకు ఆనించి నాలుగు వందల ఏళ్ళ నాటి చిత్రం. ప్రేమ నటించి పట్టిచ్చిన దెలీలా ఒళ్ళో ఆదమరిచి నిద్రపోతున్న సమ్సోను, అతని బలమంతా ఉన్న జుట్టు కోయడానికి ఆమె చేతిలో కత్తెర, తలుపు సందులో శత్రువుల దివిటీ. పక్కన పెట్టె దగ్గర విదేశీ ఎగ్జిబిషన్ మనిషి వోస్ వాచీ చూసుకుంటున్నాడు.

చిత్రానికి మరమ్మతు చేసిన ఫియమ్మెత్తా స్టూలు దిగింది. వచ్చే నెల రుజ్జేరోను పెళ్ళాడబోయేదీ ఆమే.

"గడ్డం వంకరైంది స్వామీ," గుసగుసగా నవ్వింది.

"కొత్త రంగు ఎక్కడెక్కడ వేశావ్?"

"బొమ్మలో వెనకున్న తెర, సమ్సోను మోకాలు. అంతే. మిగతాదంతా పాతదే. అసుంతా పాప మీద ఒట్టు! జ్ఞానస్నానం నాడు నా ఒళ్ళోనేగా పడుకుంది?"

నమ్మాడు. అలవాటుకొద్దీ పతకం ఎత్తాడు.

తెర మీద సన్నని నిలువు గీతలు. మోకాలి మీదా అంతే. కొత్త రంగును గీతలుగానే వెయ్యాలి, దగ్గరికొస్తే తెలిసిపోవాలి. ఆ సంగతి చెప్పింది ఆమే. "చూసేవాళ్ళని మేం మోసం చెయ్యం బాబూ!" అని మురిసిపోయేది.

కత్తెర పట్టిన దెలీలా చేతి మీదా అవే గీతలు.

అతను పతకం దించాడు.

"ఈ చెయ్యి పాతదన్నావ్."

ఆమె నవ్వు ఆరిపోయింది. రంగుల గుడ్డ కింద నుంచి పిస్టల్ లేచింది. "వోస్, మూత వెయ్యి!"

సిలువ చిటుక్కుమంది. సూది ఆమె మణికట్టులో దిగింది. జారిన పిస్టల్ అందుకుని రుజ్జేరో వోస్‌కు గురిపెట్టాడు. పన్నెండు గంటలు మోగుతుండగా దెలీలా చేతి రంగును గోటితో లేపాడు. కింద ఫిల్మ్.

భూతద్దంలో మొదటి పేరు అసుంతాది కాదు. తనది. ఇంటి అడ్రసుతో సహా.

"నిన్ను నిజంగానే ప్రేమించాను, రుజ్జే..." ఆమె రెప్పలు వాలిపోతున్నాయి.

అతను అంటించిన గడ్డం పీకేశాడు.

"నీ ముఖం మీదా ఆ గీతలు గీసుకోవలసింది, ఫియమ్మా. అంత దగ్గరికొచ్చినవాణ్ణి, కనిపించి ఉండేవి."